విజయవాడ, గుంటూరు ఇళ్లలో తెల్ల డాఫోడిల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు దాటితే చాలు, ఫోను తెరిచినప్పుడల్లా డాఫోడిల్ దుంపల ఫొటోలే. వాటిని చూసి ఆర్డరు పెట్టినవాళ్లూ, పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ అడిగే ప్రశ్నలకు జవాబులివి. అన్నీ మన ఎండ, మన మట్టి, మన నీళ్ల లెక్కలోనే రాశాను. ఊటీ వాళ్లకీ, కశ్మీరు వాళ్లకీ పనికొచ్చే సలహా మనకు పనికిరాదు.

అసలు మన ఎండలకు డాఫోడిల్ పూస్తుందా?

ఒకటి రెండు రకాలు పూస్తాయి. మిగతావి పూయవనే అనుకోండి.

డాఫోడిల్ పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు. అక్కడ వానా చలీ కలిసి వస్తాయి, ఎండాకాలం పొడిగా గడుస్తుంది. దుంప ఎండాకాలమంతా నేలలో నిద్రపోతుంది, చలి మొదలయ్యాక వేళ్లు వేస్తుంది, చలి తగ్గే వేళకు పూస్తుంది. చాలా రకాలకు 2 నుంచి 9 డిగ్రీల చలి 12 నుంచి 16 వారాల పాటు తగలాలి. అది తగలకపోతే దుంపలో మొగ్గ సిద్ధంగా ఉన్నా కాడ సరిగా సాగదు. మనకేమో జనవరి రాత్రుల్లో కూడా 18, 19 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పగలు 30 వరకూ వెళ్తుంది. బెజవాడలో స్వెట్టరు బయటికి తీసే చలి ఈ దుంపకు చలే కాదు.

పేపర్‌వైట్ అనే రకం ఈ లెక్కలోకి రాదు. అదీ డాఫోడిల్ జాతిదే, కానీ దానికి చలి నిద్ర అక్కర్లేదు. దుంపకు తడి తగిలితే చాలు, లేస్తుంది. మన ఊళ్లలో తెల్ల డాఫోడిల్ అంటే పేపర్‌వైట్ అనే అర్థం చేసుకోండి. దాన్ని కూడా ఒక్క సీజను మొక్కగానే చూడండి. ఈ రెండు విషయాలూ ముందే ఒప్పుకుంటే డబ్బూ మిగులుతుంది, టెన్షనూ ఉండదు.

తెల్ల డాఫోడిల్ అని రకరకాలు అమ్ముతున్నారు. పేపర్‌వైట్ ఏదో ఎలా తెలుసుకోవాలి?

ఫొటో చూసి కొనకండి, రకం పేరు అడగండి. పేపర్‌వైట్‌లో బాగా దొరికేది ‘జీవా’, ఇజ్రాయెల్‌లో తయారైన రకం. చిన్న పూలు, కాడ చివర గుత్తిగా వస్తాయి. రేకులూ తెలుపే, మధ్యలోని చిన్న గిన్నె కూడా తెలుపే.

‘థాలియా’ 1916 నాటి పాత రకం. కాడకు రెండు మూడు పూలు, తల వంచుకుని ఉంటాయి, చాలా అందం. ‘మౌంట్ హుడ్’ది పెద్ద బాకా లాంటి పువ్వు. ‘ఐస్ ఫాలీస్’ వెడల్పు గిన్నెతో మీగడ తెలుపు. పొయెటికస్ రకాల్లో తెల్ల రేకుల మధ్య చిన్న పసుపు గిన్నె, దానికి ఎర్రటి అంచు. ఇవన్నీ చలి రకాలే. ఫొటోలో ఇవి కనిపిస్తే మనసు లాగుతుంది, అక్కడే ఆగాలి.

చైనా వాళ్లు తమ కొత్త సంవత్సరానికి నీళ్ల పళ్లెంలో పూయించే ‘చైనీస్ సేక్రెడ్ లిల్లీ’ అని ఒకటుంది. తెల్ల రేకులు, పసుపు గిన్నె. దానికీ చలి అక్కర్లేదు. దొరికితే తీసుకోవచ్చు.

విత్తనాల ప్యాకెట్లు చవగ్గా వస్తున్నాయి కదా?

వద్దు. డాఫోడిల్‌ను విత్తనం నుంచి పెంచితే పువ్వు చూడ్డానికి ఏళ్లు పడుతుంది, అదీ చలి దేశంలో. నీలం రంగు డాఫోడిల్ విత్తనాలని చూపిస్తే ఆ పేజీ మూసేయండి. నీలం డాఫోడిల్ లేనే లేదు.

దుంపలు ఎక్కడ దొరుకుతాయి? కడియంలో ఉంటాయా?

కడియం, కడియపులంక నర్సరీల బలమంతా మన వాతావరణంలో నిలిచే మొక్కల్లో ఉంది. అటు వెళ్లే పని పడితే అడగండి, కానీ దీనికోసమే కారు కట్టుకుని వెళ్లక్కర్లేదు. మన దేశంలో అమ్మే డాఫోడిల్ దుంపల్లో చాలావరకు నెదర్లాండ్స్ నుంచి దిగుమతి అయినవి, ఆన్‌లైన్‌లో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు దొరుకుతాయి. జనవరి, ఫిబ్రవరిలో డిస్కౌంటు అని పెట్టేవి మిగిలిపోయిన సరుకు. వాటి జోలికి పోకండి.

కొరియరు గోడౌనులో నాలుగు రోజులు పడి ఉన్నా పేపర్‌వైట్ దుంపకు నష్టం లేదు. వ్యాపారులు కూడా వీటిని మొలకెత్తకుండా 25, 30 డిగ్రీల వెచ్చదనంలోనే నిలవ ఉంచుతారు. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో వస్తే మాత్రం రాగానే తీసి, కాగితం మీద పరచండి.

మా అమ్మాయి అమెరికా నుంచి వస్తోంది. సూట్‌కేసులో నాలుగు దుంపలు తెమ్మనమంటారా?

చెప్పకండి. మన దేశంలోకి మొక్కలు, దుంపలు తేవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డరు వర్తిస్తుంది. దిగుమతి పర్మిట్, తెగుళ్లు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. ఆ నిబంధన ఉత్తినే పెట్టలేదు. దుంపకు అంటుకున్న మట్టిలో నులిపురుగులు, బూజు తెగుళ్లు సముద్రాలు దాటి వచ్చేస్తాయి. గుంటూరు మిర్చి రైతు పక్కనే ఉన్న మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దుంప మంచిదో కాదో చూడగానే చెప్పగలమా?

చూసి కాదు, పట్టుకుని చెప్పొచ్చు. మంచి దుంప చేతిలో పెట్టుకుంటే సైజుకు మించిన బరువు ఉంటుంది. మీది గోధుమరంగు పొర పొడిగా, ఉల్లి పొట్టులా చిట్లుతుంది. అలా చిట్లితే నష్టం లేదు. అసలు చూడాల్సింది అడుగుభాగం. వేళ్లు వచ్చే ఆ గుండ్రటి గట్టి బిళ్లను బొటనవేలితో నొక్కండి. చెక్కలా గట్టిగా ఉండాలి. కొంచెం లోపలికి దిగినా, ఎరుపు కలిసిన గోధుమరంగు మెత్తదనం కనిపించినా, పుల్లటి కుళ్లు వాసన వచ్చినా ఆ దుంపను పక్కన పెట్టేయండి. పొర మీద అక్కడక్కడా నీలి బూజు మరకలుంటే గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

సైజును చుట్టుకొలత సెంటీమీటర్లలో చెబుతారు. పేపర్‌వైట్ అయితే 14 నుంచి 16, అంతకన్నా పెద్దది దొరికితే ఇంకా మంచిది. దుంపలోని తిండితోనే పూస్తుంది కాబట్టి చిన్న దుంప అంటే తక్కువ పూలే.

ఎప్పుడు నాటాలి?

నాటిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పేపర్‌వైట్ పూస్తుంది. మీకు పూలు ఎప్పుడు కావాలో అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

సంక్రాంతికి కావాలంటే డిసెంబరు మొదటి వారం. నా ఓటు దీనికే. డిసెంబరు, జనవరి మన దగ్గర ఏడాదిలో చల్లటి రోజులు. రాత్రి మంచు పడుతుంది, గాలిలో వేడి ఉండదు, కాడలు పొట్టిగా గట్టిగా వస్తాయి, పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది. పండక్కి ఇంటికొచ్చిన చుట్టాలు ఇవేం పూలని అడగడం అదనపు లాభం.

క్రిస్మస్‌కి కావాలంటే నవంబరు 15, 20 మధ్య నాటాలి. గుంటూరులో చాలామంది ఇలాగే అడుగుతారు. అది అల్పపీడనాల సీజను. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మూడు రోజులు ముసురు. కుండీలను వాన తగలని చోట, బాల్కనీ లోపలికో, వరండాలోకో పెట్టుకోగలిగితేనే అప్పుడు నాటండి.

అక్టోబరులో తొందరపడి నాటితే పొడుగ్గా పెరిగి పడిపోతాయి. జనవరి 10 తర్వాత నాటితే పూసేసరికి ఫిబ్రవరి మధ్యకొస్తుంది. అప్పటికి పగటి ఎండ 33 దాటుతుంది, పువ్వు రెండు మూడు రోజుల్లో కాగితంలా అయిపోతుంది. అన్నీ ఒకేసారి నాటకుండా వారం తేడాతో రెండు మూడు విడతలుగా నాటితే పూలు నెల పొడుగునా ఉంటాయి.

మా పెరట్లో నల్లరేగడి. నేలలోనే పెట్టేయొచ్చా?

వద్దండీ. నల్లరేగడి తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే బీటలు వారుతుంది. రెండూ దుంపకు చేటే. కుండీయే మేలు, లోతు తక్కువున్నదైనా సరిపోతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు కలపండి. ఇసుక కృష్ణది కావచ్చు, ఇంటి కట్టుబడికి తెచ్చి మిగిలింది కావచ్చు. సూర్యలంక వెళ్లినప్పుడు సంచిలో వేసుకొచ్చిన సముద్రపు ఇసుక మాత్రం వాడకండి, ఉప్పు.

దుంప కొన మట్టి పైకి కనబడేలా పెట్టండి. విదేశీ వీడియోల్లో చెప్పే ఆరంగుళాల లోతు చలికి గడ్డకట్టే నేలకు చెప్పిన మాట. పది అంగుళాల కుండీలో ఐదారు దుంపలు పడతాయి. ఒకదానికొకటి తగలకుండా దగ్గరదగ్గరగా పెడితేనే చూపు. ఒక్కొక్కటీ ఒక్కో కుండీలో పెట్టారంటే దిక్కుతోచనట్టు నిలబడతాయి.

మట్టి లేకుండా గులకరాళ్లలో పెంచడం కుదురుతుందా?

పేపర్‌వైట్‌కు అదే అసలు సిసలు పద్ధతి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు నేనిదే చెబుతాను. వెడల్పాటి గాజు గిన్నె గానీ పింగాణీ గిన్నె గానీ తీసుకోండి. కడిగిన గులకరాళ్లు రెండంగుళాల మేర పోసి, వాటిపై దుంపలు కొన పైకి ఉండేలా సర్దండి. కదలకుండా చుట్టూ ఇంకొన్ని రాళ్లు పెట్టండి. నీళ్లు దుంప అడుగు బిళ్లకు తగిలీ తగలనట్టు ఉండాలి. దుంప నీళ్లలో కూర్చుందంటే కుళ్లినట్టే.

మొదటి పది రోజులు గిన్నెను ఇంట్లో చల్లగా, వెలుతురు తక్కువగా ఉండే మూల పెట్టండి. గాజు గిన్నె అయితే ఈ రోజులు చూడ్డానికి బాగుంటాయి. ముందు అడుగు బిళ్ల అంచు చుట్టూ తెల్లటి మొటిమల్లాంటివి వరుసగా లేస్తాయి. తర్వాత అవే వేళ్లయి, రాళ్ల సందుల్లోంచి దారి వెతుక్కుంటూ దిగుతాయి. రాళ్లు సరిగా బిగించకపోతే ఆ వేళ్లే దుంపను పైకెత్తేస్తాయి. వేళ్లు బాగా దిగి, ఆకుపచ్చ మొలక వేలెడు అయ్యాక వెలుతురులోకి తేవాలి.

నీళ్లు ఆరినకొద్దీ పోస్తూ, వారానికోసారి మొత్తం మార్చండి. నిలవ నీళ్లు కదా, దోమలు చూసుకోండి.

కుండీకి నీళ్లు ఎంత? బోరు నీళ్లు పోయొచ్చా?

నాటిన రోజు బాగా తడపండి. తర్వాత పైమట్టి పొడిగా తగిలినప్పుడే. మొలక రాకముందు రోజూ పోయడం వల్లే ఎక్కువ దుంపలు పోతాయి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. ఆకు కొనలు మాడుతున్నాయంటే అదే కారణం. మున్సిపల్ నీళ్లు వస్తే అవే పోయండి. ఆర్వో మిషను వదిలేసే నీళ్లు మాత్రం అసలు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

ఎండ ఎంత కావాలి?

తూర్పు బాల్కనీ దొరికితే అదృష్టం. ఉదయం మూడు నాలుగు గంటల ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ. మేడ మీద పెట్టేవాళ్లు కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకండి. డిసెంబరులోనైనా మధ్యాహ్నానికి స్లాబు వేడెక్కి అడుగు నుంచి దుంపను ఉడికిస్తుంది. రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే చాలు.

ఫ్రిజ్‌లో చలి పెట్టి థాలియా పూయించలేమా? యూట్యూబ్‌లో చూశాం.

దుంపకు ఫ్రిజ్ చలి చాలు, మాట నిజమే. చిక్కంతా క్యాలెండరుతో. లెక్క చూడండి. దిగుమతి దుంపలు మన చేతికి వచ్చేసరికి అక్టోబరు మధ్య అనుకుందాం. ఫ్రిజ్‌లో కనీసం 12 వారాలు, అంటే జనవరి రెండో వారం. బయటికి తీసి నాటాక పువ్వు రావడానికి మరో మూడు, నాలుగు వారాలు. ఫిబ్రవరి పది వచ్చేసింది. చలి నుంచి లేచిన మొగ్గకు 15, 18 డిగ్రీలు హాయి, మనం ఇచ్చేది పగలు 32, 33. మొగ్గ పొర లోపలే ఆగిపోతుంది. సెప్టెంబరు మొదట్లోనే దుంపలు దొరికి, డిసెంబరు మొదటికి బయటికి తీయగలిగితే ఆశ ఉంది. అప్పుడైనా అన్నీ పూస్తాయని అనుకోవద్దు.

అయినా చేసి చూస్తామంటే, దుంపలను కొద్దిగా తడి ఉన్న కోకోపీట్‌లో వేసి, చిల్లులున్న సంచిలో పెట్టి కూరగాయల ట్రేలో ఉంచండి. ఫ్రీజరులో కాదు. ఆ ఫ్రిజ్‌లో అరటి, యాపిల్, సపోటా లాంటి పండ్లు ఉండకూడదు. పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంప లోపలున్న మొగ్గను చంపేస్తుంది. మూడు నెలలు ఇంట్లో పండ్లు ఫ్రిజ్‌లో పెట్టకుండా ఆపగలరా అన్నది మీరూ మీ ఇంటివాళ్లూ తేల్చుకోవాల్సిన విషయం. సంచి మీద పెద్ద అక్షరాలతో ‘తినేవి కావు’ అని రాయండి. ఎందుకో కింద చెబుతాను.

పేపర్‌వైట్‌కు మాత్రం ఫ్రిజ్ అక్కర్లేదు.

గుంటూరు చుట్టూ ఇన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి. తెలిసినవాళ్ల దాంట్లో పెడితే?

తెలివైన ఆలోచనే, నవ్వొచ్చినా. కానీ అక్కడి చలి, తేమ మిర్చికి సరిపడేలా పెట్టుకున్నవి. ఆ ఘాటులో మీ సంచి ఎక్కడుందో వెతకడానికి ఎవరూ వెళ్లరు. ఎలాగోలా పెట్టినా, బయటికి తీశాక ఎండ మారదు కదా.

కాడలు పొడుగ్గా పెరిగి పడిపోతున్నాయి. ఏం చేయాలి?

వెచ్చదనం ఎక్కువై వెలుతురు తక్కువైతే ఇలాగే సాగుతాయి. మన ఊళ్లో కొంతవరకు తప్పదు. రోజూ గిన్నెను పావు వంతు తిప్పుతూ ఉండండి. నాలుగు చీపురు పుల్లలు గుచ్చి, చుట్టూ నూలు దారం కడితే సరి.

గులకరాళ్ల పద్ధతికి ఇంకో ఉపాయం ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చెప్పింది. మొలక రెండంగుళాలు అయ్యాక మామూలు నీళ్లు పారబోసి, 4 నుంచి 6 శాతం ఆల్కహాలు కలిపిన నీళ్లు పోస్తే మొక్క ఎత్తు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. పువ్వు సైజు, నిలిచే రోజులు తగ్గవు. మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక పాలుకు నీళ్లు పదకొండు పాళ్లు. ఆ నిష్పత్తి దాటితే మొక్క మాడుతుంది. బీరు, వైను పనికిరావు, వాటిలోని చక్కెర వేళ్లను పాడుచేస్తుంది. ఇంట్లో ఎవరైనా మొక్క కోసమని సీసా తెస్తామంటే ఈ మాట చెప్పండి.

ఆకులు ఏపుగా వచ్చాయి, పువ్వు రాలేదు.

మూడు కారణాలు. దుంప చలి రకం కావచ్చు, పేపర్‌వైట్ అని అమ్మి ఉంటారు. దుంప చిన్నది కావచ్చు. లేదా నిరుడు పూసిన దుంపనే మళ్లీ పెట్టి ఉంటారు.

మొగ్గ వచ్చింది, విచ్చుకోకుండానే ఎండిపోయింది. ఎందుకు?

మొగ్గలు ముందు పల్చటి పొర లోపల దాక్కుని ఉంటాయి. బాగున్నప్పుడు ఆ పొర ఒక పక్కన చీలి, మొగ్గలు ఒక్కొక్కటిగా పక్కకు వంగుతూ బయటికొస్తాయి. ఎండ దెబ్బ తగిలితే పొర గోధుమరంగుకు తిరిగి మొగ్గలకు అతుక్కుపోతుంది. నలిపి చూస్తే లోపల మొగ్గలు ఉన్నచోటే ఎండి ఉంటాయి. ఇక దానికి మందు లేదు. మిగతా కుండీలనైనా నీడకు జరపండి. ఒక్కరోజు నీళ్లు మరిచిపోయినా ఇదే జరుగుతుంది, ముఖ్యంగా పొర చీలే రోజుల్లో.

ఎరువు?

ఏమీ వద్దు. ఈ సీజను తిండి దుంపలోనే ఉంది. పచ్చి పేడ ఎరువు వేస్తే కుళ్లు పిలిచి తెచ్చుకున్నట్టే. ఎరువు వేయకపోతే మనసు ఊరుకోదు అనేవాళ్లు మట్టిలో గుప్పెడు వేపపిండి కలపండి.

దుంప అడుగు మెత్తబడి ఆకులు పసుపెక్కుతున్నాయి.

అది ఫ్యుసేరియం బూజు వల్ల వచ్చే అడుగు కుళ్లు. నేల వెచ్చగా ఉంటే రెచ్చిపోతుంది కాబట్టి మన దగ్గర ఎక్కువ. దుంపను, ఆ కుండీ మట్టిని తీసి పారేయండి, ఆ మట్టిని టమాటాకో వంగకో వాడదామని దాచకండి. వచ్చేసారి నాటేముందు కుండీ మట్టిలో ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే బూజును అణిచే మేలు బూజు) పొడి కలపండి. ఎలుకలు, ఉడతల భయం లేదు, ఈ దుంపను అవి తినవు. నత్తలు మాత్రం ముసురు రోజుల్లో లేత మొగ్గను కొరుకుతాయి, రాత్రి టార్చి వేసి ఏరేయాలి.

ఏసీ గదిలో పెడితే?

పూశాక పెట్టండి, పువ్వు ఇంకో నాలుగు రోజులు నిలుస్తుంది. పెరిగేటప్పుడు వద్దు, వెలుతురు చాలదు. ఏసీ గాలి సూటిగా తగలకూడదు.

వాసన ఎలా ఉంటుంది? కొందరు భరించలేం అంటున్నారు.

ఘాటుగానే ఉంటుంది. మల్లెల్లో ఉండే ఇండోల్ అనే పదార్థం దీంట్లోనూ ఉంది. అది మోతాదు మించితే కొందరికి సువాసన అనిపించదు. మల్లెల మధ్య పెరిగిన మనకు అంత ఇబ్బంది ఉండదనే నా నమ్మకం. అయినా తలనొప్పి ఉన్నవాళ్ల పడకగదిలో పెట్టకండి, హాల్లో పెట్టండి.

పూజకు పెట్టొచ్చా? జడలో పెట్టుకోవచ్చా?

తెల్లటి, వాసన ఉన్న పువ్వు. దేవుడికి పెట్టాలా వద్దా అన్నది మీ ఇంటి పెద్దల మాట. దండకు పనికిరాదు, కాడ బోలుగా ఉండి దారానికి ఆగదు. జడలో వద్దు. కోసిన చోట కారే జిగురు మెడకు తగిలితే కొందరికి దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. దుంపలు ఎక్కువ నాటేవాళ్లు కూడా చేతికి తొడుగులు వేసుకోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ప్రమాదమా?

జాగ్రత్త పడాల్సిన మొక్కే. డాఫోడిల్‌లో లైకోరిన్ అనే విషం ఉంది, అన్నిటికన్నా దుంపలో ఎక్కువ. తింటే కొద్దిసేపట్లోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. ప్రమాదం ఎక్కడొస్తుందంటే, దుంప అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ సూపర్ మార్కెట్లకు ఉత్తరం రాసి, డాఫోడిల్స్‌ను కూరగాయల పక్కన పెట్టొద్దని కోరింది. ఉల్లి అనుకునో, ఉల్లికాడ అనుకునో తిని ఆస్పత్రి పాలైనవాళ్లు ఉన్నారు కాబట్టే.

మన వంటింట్లో ఉల్లిపాయల బుట్ట చేతికందే చోటే ఉంటుంది. అమ్మమ్మకో, పనిమనిషికో తెలియకపోతే పోపులోకి వెళ్లిపోతుంది. దుంపలు రాగానే వంటింటి గడప దాటనివ్వకండి. పేరు రాసిన డబ్బాలో పెట్టి బాల్కనీ అల్మరాలో ఉంచండి. ఆకులు కూడా ఉల్లికాడల్లాగే ఉంటాయి, వాసన మాత్రం ఉల్లిది కాదు. ఉడికించినా విషం పోతుందని అనుకోకండి. ఎవరైనా తిన్నారనిపిస్తే చిట్కాలు చేయకుండా, మిగిలిన ముక్క చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. కుక్కలు, పిల్లులు, మేకలు, గేదెలకూ ఇది విషమే. గులకరాళ్ల గిన్నెలోని నీళ్లు పెంపుడు జంతువులు తాగకుండా చూడండి.

డాఫోడిల్‌తో మతిమరుపుకి మందు చేస్తారట. మా మామయ్యగారికి ఏమైనా…

గెలాంటమైన్ అనే మందు డాఫోడిల్ నుంచి తీస్తారు, అల్జీమర్స్‌కు డాక్టర్లు రాస్తారు, వేల్స్ కొండల్లో దానికోసమే ఈ మొక్కను పెంచుతున్నారు. అది ఫ్యాక్టరీలో వేరుచేసి, మోతాదు కట్టి ఇచ్చే మందు. ఇంట్లో దుంప నూరి ఇస్తే మిగిలేది విషమే. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

కోసి ఫ్లవర్ వేజులో పెట్టుకుంటే ఎన్నాళ్లుంటాయి?

తెల్లవారుజామున కోస్తే ఐదారు రోజులు. గులాబీలతో కలిపి పెట్టాలంటే ముందు వీటిని విడిగా నీళ్లలో కొన్ని గంటలు ఉంచి, జిగురంతా కారనివ్వండి. ఆ తర్వాత కాడ మళ్లీ కోయకుండా అలాగే కలపాలి. లేకపోతే ఆ జిగురు పక్క పూలను తొందరగా వాడ్చేస్తుంది.

పూలు అయిపోయాక దుంప దాచుకుంటే వచ్చే ఏడాది పూస్తుందా?

గులకరాళ్లలో పూసింది పూయదు. ఉన్న శక్తంతా ఖర్చుపెట్టేసింది. మట్టిలో పూసినదాన్ని ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ కాపాడితే దుంప మళ్లీ కొంత నిండాలి, కానీ మన ఫిబ్రవరి, మార్చి ఎండలు ఆకును అన్నాళ్లు ఉండనివ్వవు. ఆ పైన మే నెల, ఆ వెంటనే వానాకాలం. కుండీలోనే వదిలేస్తే ఆగస్టుకల్లా దుంప చోట గుజ్జు మిగులుతుంది. మరో ఏడాది సాకుదామని తిప్పలు పడడం కన్నా వాడిన వెంటనే కంపోస్టులో వేసి, డిసెంబరుకు కొత్తవి కొనడం నయం. పశువులు కెలికే చెత్తకుప్పలో మాత్రం వేయకండి.

అంత ఖర్చు ఏటా ఎందుకు? డాఫోడిల్ లాగే ఉండి, మన నేలలో నిలిచే తెల్ల పువ్వు లేదా?

ఉంది. నన్నడిగితే చాలామంది అసలు కొనాల్సింది ఇదే: యూకారిస్, నర్సరీల్లో అమెజాన్ లిల్లీ అంటారు. డాఫోడిల్ కుటుంబంలోదే. తెల్లటి ఆరు రేకులు, మధ్యలో ఆకుపచ్చ ఛాయ ఉన్న గిన్నె, కొద్దిగా తలవంచిన పువ్వు, మంచి వాసన. దూరం నుంచి చూస్తే డాఫోడిల్ అనే అనుకుంటారు. పుట్టింది దక్షిణ అమెరికా అడవుల నీడలో కాబట్టి ఉక్కపోతకు భయపడదు. నేరుగా ఎండ తగలని వరండా చాలు. కుండీ ఇరుకైతేనే బాగా పూస్తుంది, అందుకే మాటిమాటికీ మార్చకండి. మే నెల వడగాడ్పులకు మాత్రం లోపలికి జరిపి, రోజూ ఆకుల మీద నీళ్లు చల్లాలి.

స్పైడర్ లిల్లీ ఇంకా మొండిది, రోడ్డు డివైడర్ల మీద కూడా పెంచుతారు. సన్నటి రేకులు, మధ్యలో పల్చటి తెల్ల గిన్నె. తెల్ల రెయిన్ లిల్లీ అయితే మొదటి వాన పడ్డ నాలుగు రోజులకే గుంపుగా లేస్తుంది, కుండీ అంచున వేసి మరిచిపోవచ్చు. ఈ మూడూ డాఫోడిల్ చుట్టాలే కనుక, పిల్లల విషయంలో చెప్పిన జాగ్రత్తలన్నీ వీటికీ వర్తిస్తాయి.

వాసనే ముఖ్యమైతే, దండల్లో కట్టే లిల్లీ, అదే నేల సంపెంగ, దుంపలు పెట్టండి. దాని కుటుంబం వేరు, సొంతూరు మెక్సికో, మన ఎండ దానికి లెక్కే కాదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన శృంగార్, ప్రజ్వల్ రకాలు అడిగి తీసుకోండి. రోజంతా ఎండ తగిలే చోట, నీళ్లు నిలవని మట్టిలో తొలకరికి పెడితే సరిపోతుంది. యూకారిస్ కొనేటప్పుడు మాత్రం పువ్వు ఉన్న కుండీ చూసి తీసుకోండి. పువ్వు లేకుండా ఆకులు మాత్రమే చూస్తే నీడ మొక్కల్లో దాన్ని పోలినవి చాలా ఉంటాయి, నర్సరీలో కుర్రాడు ఏది చేతికిస్తాడో తెలియదు.